మోటారు తిరుగుతుంది, నీరు కదలదు



ఈ పూట పంపు సంగతి చెప్పుకుందాం. బావి మీది పంపుతో మీకు పరిచయం ఉన్నదే గనుక దాని తోబుట్టువును తీసుకుంటాను. అది ఈత కొలను పంపు. పట్నంవాళ్లు స్విమ్మింగ్ పూలు అంటారే, దాని పంపు. "కలుపులు తీసే రోజుల్లో ఈత కొలను గొడవ మాకెందుకయ్యా" అని మీలో కొందరికి తోచవచ్చు. కారణం ఉన్నది. ఉప్పల్ దాటి బోడుప్పల్, నారపల్లి, ఘట్‌కేసర్ దిక్కుగా పోయి చూడండి. మామిడి తోటల నడుమ సెలవు నాటి విడిదికని కట్టిన ఇళ్లు, వాటి ముందర ఈత కొలనులు కనిపిస్తాయి. యజమాని పట్నంలో ఉంటాడు. కొలను చూసేవాడు తోటమాలి. అతడు నిన్నటి రైతే. కొందరు రైతులు తమ తోటలోనే చిన్న కొలను కట్టించి, శని ఆదివారాలు అద్దెకిచ్చి నాలుగు రూపాయలు చూసుకుంటున్నారు. ఉప్పల్, నాచారంలో పొలాలు పోయి కాలనీలు లేచిన చోట కూడా అక్కడక్కడా ఇంటి కొలనులు ఉన్నవి.

ఎండాకాలంలో ఈ నీరు రెండు మూడు రోజులు తిరగకుండా నిలిచి, మందు కూడా తగ్గిందంటే పాచి పట్టి పచ్చబడుతుంది. అప్పుడు తొందరపడి చేసే పని, నీరంతా పారబోసి బోరు నీటితో మళ్లీ నింపడం. నాకు బాధ కలిగేది ఇక్కడే. 30 అడుగుల పొడవు, 15 అడుగుల వెడల్పు, సగటున నాలుగున్నర అడుగుల లోతు గల కొలనులో సుమారు 57,000 లీటర్లు పడతాయి. అదే నీరు పొలానికి పారిస్తే కాలెకరానికి పైగా రెండంగుళాల తడి అవుతుంది. మన ఉప్పల్, నాచారం నేల కింద ఉన్నది గ్రానైటు రాయి. పైనున్న మొరం పొరలోనూ, కింది రాతి చీలికల్లోనూ తప్ప నీరు నిలవడానికి చోటు లేదు. ఉప్పల్ రోడ్డులో 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు ఇటువంటి గట్టిరాతి నేలల్లోని నీటిని ఏళ్ల తరబడి పరిశీలిస్తున్నారు. ఆ రాతి చీలికల్లోని నీరు పంపు చిన్న జబ్బు కారణంగా కాలువ పాలు కావడం మంచిది కాదు. మెకానిక్కు శుక్రవారం పిలిస్తే సోమవారం వస్తాడు. ఈలోగా తోటమాలి తన కంటితో, చెవితో కనిపెట్టగలిగినవి చాలా ఉన్నవి.

ముందు పంపు ఎట్లా పని చేస్తుందో ఒక్క మాట. బావి మీది మోనోబ్లాకు లోపల, కొలను పంపు లోపల ఉన్నది ఒకటే: వంకర రెక్కల చక్రం, ఇంపెల్లరు. అది తిరిగినప్పుడు నీటిని నడుమ నుంచి అంచుకు విసురుతుంది. నడుమ ఒత్తిడి పడిపోతుంది. బయటి గాలి నీటి మీద వేసే బరువు నీటిని ఆ చోటికి నెడుతుంది. కాబట్టి "పంపు నీరు లాగుతున్నది" అని మనం అన్నా, నిజానికి నీటిని పంపు దాకా తెచ్చేది గాలి బరువే. ఇటలీ దేశస్థుడు టారిచెల్లి 1640 దశకంలోనే దీనిని తేల్చాడు. సముద్రమట్టం దగ్గర గాలి బరువు నీటిని 34 అడుగుల వరకే నిలపగలదు. హైదరాబాదు సముద్రమట్టానికి దాదాపు 1,750 అడుగుల ఎత్తున ఉన్నది గనుక ఇక్కడ అది 32 అడుగులకు దిగుతుంది. పైపులో రాపిడి, పంపులో లోటు తీసేస్తే ఇరవై, ఇరవై రెండు అడుగులకు మించి నమ్మరాదు. నీరు లోతుకు పోయిన బావిలో పంపును కిందికి, గట్టు మీదికి దించుకునే రైతులకు ఇది పుస్తకం లేకుండానే తెలుసు.

కొలను పంపుకు ఆ లోతు బాధ లేదు. నీరు పంపుకు దాదాపు సమమట్టంలోనే ఉంటుంది. దాని బాధ వేరు. పీల్చుడు పైపులో సూదిమొన అంత సందు ఉన్నా నీటికంటె ముందు గాలి దూరిపోతుంది. గాలి నిండిన పంపు ఎంత తిరిగినా లోపల ఒత్తిడి పడిపోదు, నీరు రాదు. మూసీ ఒడ్డున పీర్జాదిగూడ, పర్వతాపురం వైపు పారాగడ్డి పెంచిన రైతులకు ఈ తంటా బాగా తెలుసు. నదిలోంచి పైపు వేసి నీరు ఎత్తబోతే, ఫుట్‌వాల్వుకు ప్లాస్టిక్కు చుట్టుకుని నోరు సగం తెరుచుకుని ఉండేది. రాత్రికి రాత్రి పైపులో నీరంతా జారిపోయేది. మనవాళ్లు ఆ ఫుట్‌వాల్వును ఫుట్‌బాల్ అంటారు. పేరు ఏదైనా పని ఒకటే. కొలను పంపుకు చాలాచోట్ల ఫుట్‌వాల్వు ఉండదు. దానికి బదులు పంపు ముందర ఒక కుండ వంటిది, దానిలో జల్లెడ బుట్ట, పైన అద్దం మాదిరి మూత ఉంటాయి. కుండ నిండా నీళ్లు పోసి మూత బిగించి మీట వేస్తే, ఆ నీటితోనే అది పైపులోని గాలిని కొంచెం కొంచెంగా బయటికి తోసి నీరు పట్టుకుంటుంది. కుండ ఎండిపోయి ఉండగా వేస్తే పట్టుకోదు సరికదా, లోపలి సీలు కాలుతుంది.

జబ్బు కనిపెట్టడానికి మూడు చోట్లు చూడాలి. ఒకటి ఆ అద్దం మూత. రెండవది ఇసుక డ్రమ్ము మీది ఒత్తిడి గేజి. మూడవది చప్పుడు. స్పానరు పట్టుకునే ముందు ఈ మూడూ చూడండి.

మూతలోంచి చూస్తే నీరు నిండుగా, తేటగా, కదలకుండా ఉన్నట్టే కనిపించాలి. బుడగలు ఆడుతున్నా, సగం కుండే నిండినా గాలి దూరుతున్నదన్నమాట. మొదట కొలను మట్టం చూడండి. నీరు అంచున ఉన్న స్కిమ్మరు నోటికి సగం వరకు ఉండవలెను. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు ఆవిరై, పిల్లల గంతులకు చిమ్మి మట్టం దిగిపోతుంది. స్కిమ్మరు నీటితో పాటు గాలిని కూడా మింగుతుంది. నాలుగంగుళాల నీరు చేర్చితే పోయే జబ్బుకు మోటారు విప్పినవాళ్లు ఉన్నారు. మట్టం సరిగా ఉంటే కుండ మూత తీసి రబ్బరు రింగు చూడండి. ఒక ఇసుక రేణువు, ఒక వేప పూరేకు దాని కింద చిక్కితే చాలు. రింగు శుభ్రంగా తుడిచి, పగుళ్లు లేకపోతే సిలికాను గ్రీజు పలుచగా రాసి కూర్చోబెట్టండి. బండికి వాడే గ్రీజు, వాజలీను పనికిరావు. వాటి నూనెకు రబ్బరు ఉబ్బి సాగిపోతుంది. మూత చేత్తో బిగిస్తే చాలు. సుత్తితో కొట్టి బిగించిన మూతకు నెర్రెలు వస్తాయి, తరువాత ఆ నెర్రె లోంచే గాలి.

అక్కడా లోపం లేకపోతే పైపు అతుకులు, వాల్వుల కాడలు పరీక్షించాలి. బయటికి నీరు కారదు గనుక కంటికి కనపడదు. అది లోపలికి పీల్చే అతుకు. ఇంట్లో ఊదుబత్తి ఉంటుంది కదా. గాలి వీయని వేళ, పంపు నడుస్తుండగా ఒక్కొక్క అతుకు దగ్గర ఊదుబత్తి నెమ్మదిగా తిప్పండి. పొగ ఎక్కడ నిటారుగా లేవకుండా అతుకులోకి వంగుతుందో అక్కడ సందు ఉన్నది. గాలి ఎక్కువగా ఉన్న రోజున పొగ నిలవదు, అప్పుడు చెంబుతో అతుకు మీద నీళ్లు పోయండి. పోసినంతసేపు మూతలో బుడగలు ఆగితే చోటు దొరికినట్టే. మోటారు మీద మాత్రం చుక్క పడనీయకండి. బావి పంపు పీల్చుడు పైపుకు కూడా ఇవే పరీక్షలు చెల్లుతాయి. చాలామంది ఆ చోట సబ్బు, మైనం, సైకిలు ట్యూబు ముక్క చుట్టి కాలం గడుపుతారు. ఒక వారం గడుస్తుంది. తరువాత పైపు కోసి కొత్త అతుకు వేయక తప్పదు.

ఇప్పుడు గేజి సంగతి. ఇసుక డ్రమ్ము శుభ్రంగా కడిగిన రోజున ముల్లు ఎంత చూపుతున్నదో పంపుగది తలుపు మీద సుద్దతో రాసి పెట్టండి. ఆ అంకె లేకపోతే గేజి ఉన్నా లేనట్టే. కడిగిన నాడు 10 పౌండ్లు ఉన్నదనుకోండి. అది 18, 20కి ఎక్కితే ఇసుక మురికి పట్టింది, బ్యాక్‌వాష్ చెయ్యాలి. అనగా నీటిని ఎదురు దారిన పంపి ఇసుకను కడగాలి. ఇక్కడ ఒక్క నియమం ఎన్నటికీ తప్పరాదు. పంపు ఆపకుండా ఆ పెద్ద వాల్వు పిడి తిప్పరాదు. తిప్పితే లోపలి రబ్బరు చిరుగుతుంది, ఒక్కొక్కప్పుడు డ్రమ్ము మూతే లేచిపోతుంది. అద్దపు గొట్టంలో నీరు తేటపడేవరకు, రెండు మూడు నిమిషాలు కడిగితే చాలు. అదే పనిగా పావుగంట వదిలితే వేల లీటర్లు పోతాయి. ఆ కడుగుడు నీటిని ఒక గుంటలోకి మళ్లించి రెండు రోజులు ఎండకు విడిస్తే క్లోరిను చాలా మటుకు పోతుంది. తరువాత మామిడి, కొబ్బరి మొదళ్లకు పెట్టవచ్చు. నారుమళ్లకు వద్దు. ఉప్పుతో క్లోరిను తయారుచేసే యంత్రం ఉన్న కొలను నీరైతే ఏ చెట్టుకూ వద్దు.

గేజి ముల్లు దిగిపోయి, మూతలో బుడగలు కూడా లేకపోతే నీటి దారి మూసుకున్నదని అర్థం. బుట్ట నిండా ఆకు ఉండవచ్చు. బుట్ట శుభ్రంగానే ఉంటే ఇంపెల్లరు నోట్లో చెత్త ఇరికింది. వేప పూత రాలేటప్పుడు, గాలివానకు మామిడాకు కొట్టుకొచ్చినప్పుడు ఇది మామూలు. చిట్లిన బుట్టను "ఇంకో నెల నడవనీ" అని ఉంచితే తల వెంట్రుకలు, పుల్లలు నేరుగా రెక్కల్లోకి పోతాయి. మీట తీసి, ఫ్యూజు కూడా ఊడబెరికి జేబులో వేసుకుని, అప్పుడు వంపు తీగతో మెల్లగా లాగండి. ఫ్యూజు జేబులో ఎందుకంటే, మీరు చెయ్యి లోపల పెట్టి ఉండగా ఇంకొకరు వచ్చి మీట వేయకుండా.

మీట వేస్తే మోటారు "ఊఁ" అని మూలుగుతూ తిరగకపోతే వెంటనే ఆపండి. ఆ మూలుగు ఒక నిమిషం సాగితే చుట్టలు మాడతాయి. ఫ్యూజు తీసి, వెనుక ఫ్యాను వైపు నుంచి ఇరుసును పుల్లతో తిప్పి చూడండి. తిరగకపోతే లోపల పట్టింది. సులభంగా తిరిగితే అనుమానం కెపాసిటరు మీదికి పోతుంది. ఇళ్ల కొలనులకు ఎక్కువగా ఉండేవి ఒంటి ఫేజు మోటార్లు. వాటికి అది లేనిదే మొదటి ఊపు రాదు. పొట్ట ఉబ్బిన కెపాసిటరు కంటికే తెలుస్తుంది. దాని మీద అచ్చువేసిన అంకె ఎంత ఉంటే అంతదే తేవలెను. పెద్దది వేస్తే బలం వస్తుందనుకోవడం పొరపాటు. కరెంటు తీసిన తరువాత కూడా దానిలో విద్యుత్తు నిలిచి ఉంటుంది గనుక ఆ పని ఎలక్ట్రీషియనుకు వదలండి. సాయంత్రాలు వోల్టేజి 200 లోపుకు దిగే చోట మంచి మోటారు కూడా ఇట్లాగే మూలుగుతుంది. అటువంటి చోట పంపును పగలే నడుపుకోవడం మేలు.

పెద్ద తోటల్లో మూడు ఫేజుల పంపు ఉంటుంది. దానికి ఇంకొక తమాషా. ట్రాన్స్‌ఫార్మరు మరమ్మతు అయిన మర్నాడు నీరు నీరసంగా వస్తుంటే పంపును తప్పుపట్టకండి. రెండు తీగలు తారుమారై అది ఎదురు తిరుగుతున్నదేమో, పంపు మీది బాణం గుర్తుతో పోల్చి చూడండి. ఎదురు తిరిగినా కొంత నీరు వస్తుంది. కాబట్టి ఈ తప్పు నెలల తరబడి దొరకకుండా ఉండడం కద్దు.

చప్పుడు గురించి. డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు వస్తే పంపుకు నీరు చాలడం లేదు. పీల్చుడు దారిలో అడ్డు వెతకాలి. ఇనుము గీసినట్టు, కీచుమని సాగితే బేరింగు. బేరింగు ఊరికే పోదు. పంపుకూ మోటారుకూ నడుమ ఉన్న సీలు లోంచి చుక్కలు కారి, ఆ తడి బేరింగులోకి పోయి తుప్పు పట్టిస్తుంది. బావి పంపుల్లో గ్లాండు తాడు ఉన్న రకానికి నిమిషానికి కొన్ని చుక్కలు పడాలి, పడకపోతే ఇరుసు కాలుతుంది. ఆ అలవాటుతో మన రైతు కొలను పంపు కింద తడి చూసి "ఇది ఉండేదేలే" అనుకుంటాడు. కొలను పంపుకు ఉన్నది మెకానికల్ సీలు. దానికి ఒక్క చుక్క కూడా కారరాదు. కారిందంటే ఆ వారమే సీలు మార్పించవలెను. సీలు ఖర్చు కొద్దిపాటిది, చుట్టలు కట్టించడం దానికి చాలా రెట్లు. విడి భాగాలకు సికింద్రాబాదు రాణిగంజి బజారుకు పోయేవారు పాత సీలును చేత పట్టుకుని పోవడం మంచిది; కొలత నోటితో చెబితే తప్పుతుంది.

నీరు పచ్చబడుతున్నదని ఒక హార్సుపవరు పంపు తీసి రెండు హార్సుపవర్లది బిగించినవారు కూడా ఉన్నారు. నాకు ఇది నచ్చని పని. ఒకటిన్నర అంగుళం పైపు పాతదే ఉన్నప్పుడు పెద్ద పంపు నీరు చాలక గులకరాళ్ల చప్పుడు చేస్తుంది, కరెంటు మాత్రం రెట్టింపు తింటుంది. గంటకు 12,000 లీటర్లు తోసే చిన్న పంపు ఇందాకటి 57,000 లీటర్ల కొలనును ఐదు గంటల్లో ఒకసారి తిప్పుతుంది. ఎండాకాలంలో ఎనిమిది గంటలు నడిపితే సరిపోతుంది. ఒక హార్సుపవరుకు గంటకు సుమారు ఒక యూనిట్ లెక్కన ఎనిమిది యూనిట్లు. ఈ కరెంటు ఇంటి మీటరు నుంచే రావాలి. పొలం కనెక్షను నుంచి కొలనుకు తీగ లాగడం నిబంధనలకు విరుద్ధం, తనిఖీలో దొరికితే పొలం కనెక్షనుకే ముప్పు.

పంపుగదిలో బ్లీచింగు పొడి డబ్బాలు పెట్టకండి. ఆ ఆవిరికి మోటారు తీగల కొసలు పచ్చ పట్టి తెగిపోతాయి. ఆసిడును దాని పక్కన అసలే ఉంచరాదు. రెండూ కలిస్తే వచ్చే వాయువు మనిషిని పడగొడుతుంది. వాన పడుతుందని మోటారుకు గోనెసంచి కప్పడం కూడా మానాలి. పైన రేకు వేయండి, పక్కలు తెరిచి ఉంచండి.

ఇక ప్రాణం సంగతి. పంపుకు గట్టి ఎర్తు ఉండాలి. దాని లైనుకు 30 మిల్లీఆంపియర్లకే తెగే రక్షణ స్విచ్చి ఉండాలి. దానిమీది పరీక్ష మీటను నెలకొకసారి నొక్కి, అది పడిపోతున్నదో లేదో చూడాలి. మరమ్మతు జరుగుతున్నంతసేపు నీళ్లలో ఎవరూ ఉండరాదు. ఎండాకాలం పిల్లలు బావుల్లో ఈతకు దిగే మన ఊళ్లలో కూడా ఇదే కట్టుబాటు. మునిగి ఉన్న మోటారుకు మీట వేసే ముందు బావిలోకి తొంగి చూడవలెను.

రెండవ ప్రమాదం చాలామంది ఎరుగరు. కొలను అడుగున నీరు పోయే రంధ్రం మీద మూత ఊడిపోయి ఉంటే, పిల్లవాడు దానిపై కూర్చున్నాడంటే పంపు వదలదు. ఎనిమిదంగుళాల రంధ్రానికి 50 చదరపు అంగుళాల వైశాల్యం. అంగుళానికి ఐదు పౌండ్ల లాగుడు పడినా 250 పౌండ్లు, అనగా క్వింటాలుకు పైగా. తండ్రి రెండు చేతులా లాగినా రాదు. అమెరికాలో 2002లో ఏడేళ్ల బాలిక వేడినీళ్ల తొట్టి అడుగున ఇట్లా అతుక్కుని మరణించింది. ఆ దేశపు మాజీ విదేశాంగమంత్రి జేమ్స్ బేకర్ మనుమరాలు ఆమె. తల్లి పట్టు విడవకుండా తిరిగిన మీదట 2007లో ఆ పాప పేరుతోనే అక్కడ చట్టం వచ్చింది. బహిరంగ కొలనుల అడుగు రంధ్రాలకు మనిషిని పట్టని మూతలు ఉండి తీరాలన్నారు. మన తోటల్లో అడిగేవాడు లేడు గనుక తోటమాలే చూసుకోవాలి. వారానికొకసారి అడుగు మూత మరలు గట్టిగా ఉన్నవో లేవో చెయ్యి పెట్టి చూడండి. మూత లేని నాడు అతిథి ఎంతటివాడైనా కొలనులోకి దింపకండి. పంపు మీట గది లోపల దాచినట్టు ఉంటే, పరుగెత్తి అందుకునే చోట ఇంకొక మీట పెట్టించమని యజమానిని అడగండి. రెండు రంధ్రాలు దూరదూరంగా ఉండి ఒకే పైపుకు కలిసేట్టు కట్టిన కొలను మేలు. ఒకటి మూసుకున్నా రెండవది నీరిస్తుంది.

మన బోరు నీరు చాలాచోట్ల చవుడు, గట్టి నీరు. సంవత్సరానికొకసారి పంపు విప్పినప్పుడు రెక్కల మీద సున్నం పొర ఉంటే గీరించండి. విడిది మూసి నెలల తరబడి పంపు ఆపేటప్పుడు కింది బిరడాలు తీసి నీరు కార్చి, ఆ బిరడాలను కుండ బుట్టలోనే వేసి ఉంచండి, వెతుక్కునే పని ఉండదు. మళ్లీ మొదలుపెట్టే రోజున బిరడాలు బిగించి, కుండ నింపి, ఫ్యూజు పెట్టకముందే ఇరుసును ఒక చుట్టు చేత్తో తిప్పండి. అది చేతికి తిరిగితేనే మీట వేయండి.